తాళాల కొట్టు పైన

రొసారియోలో బుధవారం సాయంత్రం ఆరింటికి
తాళాల కొట్టు పైన మేడ గదిలో
ఎనిమిది కుర్చీలు గుండ్రంగా ఎదురుచూస్తాయి.
మేం ఏడుగురం.
ఎనిమిదోది ఎవరిదని ఎవరూ అడగరు.

నేనొక్కణ్ణే మగవాణ్ణి. పేరు ఎలిసెయో.
పదకొండేళ్లు పందెపు గుర్రాల మీద బతికాను.
పందేనికి ముందు జీనుతో సహా నన్ను తూచేవాళ్లు,
అయ్యాక మళ్లీ తూచేవాళ్లు.
మధ్యలో ఆ రెండు నిమిషాలే
నేను బరువు కాదు, వేగం.

సులేమా మమ్మల్ని అంకెలు చెప్పనివ్వదు.
కిలోలు, కేలరీలు, నడుం కొలత,
అన్నీ తడిసిన గొడుగుల్లా గుమ్మం దగ్గరే వదలాలి.
అంకెలు పోయాక
మొదట్లో మాకు మాటలు మిగల్లేదు.
మూడు వారాలు వాన గురించి మాట్లాడుకున్నాం.

మాతె గిన్నె కూడా లేదిక్కడ.
ఊరంతా ఒకే గొట్టంతో చేతులు మార్చుకుంటూ తాగే ఆ చేదు
ఆకలిని ఎంత బాగా మోసం చేస్తుందో మాకు తెలుసు.
దాని మీదే వెళ్లబుచ్చిన నెలలు
ఒఫెలియాకి ఉన్నాయి, నాకూ ఉన్నాయి.

బల్ల మీద మనిషికో మెదియాలూనా,
నెలవంకలా వంగిన రొట్టె, పైన మెరిసే పాకం.
ఆ వెన్న వాసన ముందు
పోలీసుల ముందు నిలబడ్డట్టు నిలబడతాం.
తిన్నాక గంటసేపు ఎవరూ బాత్రూమ్‌కి వెళ్లకూడదు.
తాళంచెవి సులేమా జేబులో ఉంటుంది.
అందరి కళ్లూ ఆ జేబు మీదే.

కింద కొట్టులో యంత్రం కీచుమంటుంది.
ఎవరిదో తాళంచెవి అరగదీస్తున్నారు.
ఒఫెలియా, అరవై దాటిన లెక్కల టీచరు, ఒకరోజంది:
"నేనూ అంతే అనుకున్నాను.
ఇంకొంచెం అరగదీస్తే
ఏదో తలుపు తెరుచుకుంటుందని.
నలభై ఏళ్లు.
ఏ తలుపో ఇప్పటికీ తెలీదు."
యంత్రం ఆగింది. మళ్లీ మొదలైంది.

అసలు మేం ఏం తినలేదని?
తిట్లు తిన్నాం, చివాట్లు తిన్నాం, దెబ్బలు తిన్నాం.
వాటిని కక్కెయ్యాలని ఎవరికీ తోచలేదు.
అన్నీ కడుపులో పెట్టుకున్నాం.
ఆకలి చచ్చిపోయిందంటారు కదా,
మాది చావలేదు.
ఊపిరి బిగబట్టి, చచ్చినట్టు పడుకుంది.

ఇతాతీకి పదిహేడేళ్లు. కొరియెంతెస్ పిల్ల.
స్వెట్టర్ మీద స్వెట్టర్ మీద స్వెట్టర్.
ఆ రోజు తన రొట్టెని ముక్కలు చేసింది,
ముక్కల్ని పొడి చేసింది,
పొడిని వేలితో వరసలు పేర్చింది.
సులేమా ఏమీ అనలేదు.
గడియారం అంటూనే ఉంది.

నా చెయ్యి నన్నడగలేదు.
నా సగం ముక్కని అరచేతిలో పెట్టుకుని,
వేళ్లు చాపి, బొటనవేలు దగ్గరగా నొక్కి,
ఆమె ముందుకి వెళ్లింది,
గుర్రానికి యాపిల్ పెట్టేటట్టు.
(అలా పెట్టకపోతే వేళ్లు పోతాయి.)
తెల్లారుజామున లాయంలో వాటి పెదాల మెత్తదనం
చలికి బిగిసిన ఈ అరచేతికి తెలుసు.
ఇంక చాలని వాటితో ఎప్పుడూ అనలేదు.
ఆ చెయ్యే నా నోటిదాకా వచ్చేది కాదు.

"నేను గుర్రాన్నా?" అంది ఇతాతీ.
"కాదు. గుర్రమైతే అడగదు."
ఆ పిల్లకి నవ్వొచ్చింది, ముక్కులోంచి, అచ్చం గుర్రంలాగే.
గదంతా నవ్వింది.
ఆ సందట్లో ఒక మూల కొరికింది.
తర్వాత ఏడ్చింది.
సులేమా కాగితం మీద ఏమీ రాసుకోలేదు.

ఇక్కడితో ఆపేస్తే బాగుండేది.
తర్వాతి బుధవారం ఆమె రాలేదు.
ఆపై బుధవారం కూడా.
రెండు ఖాళీ కుర్చీలు పెట్టుకుని
మళ్లీ వాన గురించి మాట్లాడుకున్నాం.
ఆ రాత్రి ఇంటికెళ్లి నేనూ తినలేదు. చెప్పాలి కదా.

నాలుగో వారం వచ్చింది.
స్వెట్టర్ ఒకటి తగ్గింది. చలేమీ తగ్గలేదు.
ఎవరి వైపూ చూడకుండా కూర్చుని
నా వైపు చెయ్యి చాపింది,
అరచెయ్యి చదునుగా,
బొటనవేలు దగ్గరగా.
అందులో తన మెదియాలూనా సగం.

కింద యంత్రం కీచుమంటోంది.
నేను తల వంచాను.